పెరటి వైపు వంతు

సైనిక్‌పురిలో మేం వెళ్లే కేఫ్ గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఒక కర్ర ఉంటుంది. గేటు పక్క గోడకి చెక్క పలక, దాని మీద తెల్లరంగుతో రెండు పంజా గుర్తులు, పెంపుడు జంతువులతో రావచ్చని ఇంగ్లీషులో ఓ ముక్క. మొదటిసారి వెళ్లిన రోజు అతను కుడిచేత్తో గేటు తీసి మా కుక్కకి దారిచ్చాడు. అదే ఊపులో, మా వెనకాలే రాబోతున్న ఓ నల్లకుక్కని ఎడమచేతి కర్రతో అదిలించాడు. కొట్టలేదు, పాపం. నేల మీద ఒక్క తట్టు తట్టాడంతే. అది రెండడుగులు వెనక్కి వేసి కూలబడి, మొహం పక్కకి తిప్పుకుంది, ఈ తంతు రోజూ ఉండేదేగా అన్నట్టు. ఇంటికొచ్చి చెప్పులు విప్పినా ఆ తట్టు చప్పుడు నా చెవిలోంచి పోలేదు. పోనీ, మాది ఏ జర్మనీ నించో దిగిన కుక్కయితే సరిపెట్టుకుందును. మాదీ వీధిదే. 2020లో లాక్‌డౌన్ సడలించాక మా అమ్మాయి కాప్రా చెరువు వైపు నడకకి వెళ్లి, ఓ ఇసక కుప్ప పక్కన చలికి వణుకుతున్న పిల్లని చున్నీలో చుట్టి తెచ్చింది. దానికీ ఆ నల్లదానికీ ఒంటి రంగులో కాస్త తేడా, మెడలో బెల్టు తేడా. అంతకు మించి నాకేమీ కనపడలేదు.

అమ్మాయి దానికి మోకా అని పేరు పెట్టింది, కాఫీ రంగులో ఉందని. ఆ పేరు మావారి నోట పలక్క ముక్కయ్య అయింది. తర్వాత అమ్మాయికి అమెరికాలో ఉద్యోగం వచ్చింది. సామాను సర్దుకుని, కుక్కని మాత్రం మా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. "ఆర్నెల్లేనమ్మా" అంది. ఇప్పటికి మూడేళ్లు. నాకు కుక్కలంటే ఇష్టం లేదు. ఉండేది కాదు అనాలేమో. ఇప్పుడుందా అని అడిగితే చప్పున జవాబు చెప్పలేను. రాత్రి అది మంచం కింద నిద్దట్లో కాళ్లాడిస్తుంటే లేచి చూస్తాను, అంతవరకు నిజం. దాన్ని ఇంట్లో ఒంటరిగా వదిలి బయటికి వెళ్తే తలుపు గీకి గీకి పాలిష్ ఊడగొడుతుంది. అందుకని, కాస్త బయట కూచుని కాఫీ తాగాలంటే మాకు కుక్కని రానిచ్చే చోటే కావలసి వచ్చింది. అంతేగానీ దానికి షికారు చేయించాలన్న సరదా ఏమీ లేదు మొదట్లో.

మా సైనిక్‌పురి అందుకు బాగానే తగిన పేట. మిలిటరీలో పనిచేసి వచ్చినవాళ్ల కోసం వెలిసిన కాలనీ గనక ఇళ్లు విశాలం, ముందు తోట, గేటుకి పేరూ హోదా రాసిన పలక, ఆ పలక వెనక ఓ లాబ్రడారో ఆల్సేషనో ఉండి తీరాల్సిందే. ఆ పెద్దవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. పిల్లలు దేశాలు పట్టి పోయారు. బంగళాలు కేఫులవుతున్నాయి. ఒకప్పుడు మామిడిచెట్టు కింద పెద్దాయన పేపరు చదువుకున్న చోటే ఇప్పుడు బల్లలు వేసి, కొమ్మలకి చిన్నచిన్న దీపాల దండలు వేలాడదీశారు. ఆ తోటలో కుక్క ఉండటం కొత్తేమీ కాదు. ఆ మాటకొస్తే, వచ్చిపోయే మనుషులే కొత్త.

లోపలికి వెళ్లగానే ఓ కుర్రాడు పుస్తకం పట్టుకొచ్చాడు. కుక్క పేరు, టీకా కార్డు, జాతి. కార్డు ఫోన్లో చూపించాను. "బ్రీడ్ ఏంటి మేడమ్?" అన్నాడు. "వీధికుక్క బాబూ" అన్నాను. ఆ పిల్లాడు నాకంటే ఎక్కువ సిగ్గుపడి, తల వంచుకుని 'ఇండీ' అని రాసుకున్నాడు. మాట మార్చేస్తే మర్యాద వస్తుందన్న సంగతి మనకి మాత్రం తెలియదా? పక్క బల్ల దగ్గర తెల్లమీసాల కల్నల్ గారొకరు తన లాబ్రడార్ వీపు నిమురుతూ మా ముక్కయ్య వైపు చూసి, మన నేల కుక్కలకి ఉన్నంత బుర్ర వేటికీ ఉండదని ఇంగ్లీషులో సెలవిచ్చారు. మెచ్చుకున్నారో ఓదార్చారో తెలీలేదు. ఇంతలో కుక్కల మెనూ వచ్చింది. ఉడికించిన కోడి, అన్నం, గుమ్మడికాయ గుజ్జు, ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లి వెల్లుల్లి అసలే లేవు. ఉల్లీ వెల్లుల్లీ కుక్కల నెత్తురుని విరిచేస్తాయని డాక్టరు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. మావారు ఆ మెనూ మొత్తం చదివి, "నాకు ఇంట్లో పెట్టేదీ ఇదేగా" అన్నారు. ఆయనకి బీపీ.

గిన్నె వచ్చింది. తళతళలాడే స్టీలు గిన్నె. మా ముక్కయ్య ముందు దాన్ని వాసన చూసి, మూతితో ఓ కోడిముక్కని లాగి గడ్డి మీద వేసుకుంది. అక్కడ తింది. మళ్లీ ఇంకో ముక్క, మళ్లీ గడ్డి మీదే. రెండు ముద్దల మధ్య ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది. వెనక ఎవరూ లేరు, గోడే. ఇంట్లోనూ అంతే. మూడు నెలల పిల్లప్పుడు మా ఇంటికొచ్చింది, అయిదేళ్లుగా దాని గిన్నె జోలికి ఎవరూ పోలేదు, అయినా తినేటప్పుడు వెనక్కి చూడటం మానలేదు. ఇది మూడు నెలల్లో నేర్చుకున్నదా, పుట్టుకతో వచ్చిందా? లాబ్రడార్ మాత్రం గిన్నెలో తల పెట్టి, ఎత్తకుండా, పరీక్ష రాసే పిల్లాడిలా పూర్తి చేసింది.

ఆ వెనక్కి చూడటం నేను బాగా ఎరుగుదును. తెనాలి దగ్గర మా ఊళ్లో పెళ్లిభోజనాలప్పుడు పెరటి గోడవతల చూసేదాన్ని. పందిట్లో ఒక బంతి లేచేసరికి చాకలి సుబ్బులు విస్తళ్లు మడిచి, తట్టకెత్తి గోడవతల పోసేది. అప్పటికే అక్కడ ఏడెనిమిది కుక్కలు కాచుక్కూచునేవి. వాటిలోనూ పెద్ద చిన్న ఉండేది. ముందు తినేది ముందు తినేది, తోక ముడిచి నిలబడేది నిలబడేది. గారె ముక్క, పప్పు అంటిన అన్నం, నెయ్యి నాకడం, ఆకుని కాలితో నొక్కిపట్టి పళ్లతో చింపడం. "కుక్కలు చింపిన విస్తరి" అని ఎవరి సంసారం గురించో పెద్దవాళ్లు అంటుంటే నాకు అర్థమయ్యేది కాదు. నేను చూసిన చింపడంలో బోలెడు పద్ధతి ఉండేది మరి. మా నాయనమ్మ ఆకు పూర్తిగా ఊడ్చి తింటే ఒప్పుకునేది కాదు. "ఓ ముద్ద వదలవే, అవతల దాని వంతు" అనేది. అవతల దాని పేరు చెప్పేది కాదు. పేరు లేని దానికి వంతు ఉండటం నాకు ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంది. ఇవాళ కేఫులో పుస్తకంలో పేరు రాయించుకుంటే గానీ గిన్నె రాదు.

అలాగని ఆ పెరటిని తలచుకుని మురిసిపోవడానికి నాకు బొత్తిగా హక్కు లేదు. ఎనిమిదేళ్లప్పుడు, అలాంటి పెళ్లిలోనే, సుబ్బులుకి సాయం చేస్తానని నా విస్తరి నేనే పట్టుకెళ్లి గోడవతల వెయ్యబోయాను. ఆకు నేల మీద పడకముందే పిక్క మీద కరిచింది. ఏ కుక్కో కూడా చూడలేదు. ఇంకేముంది, తెనాలి పెద్దాసుపత్రి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. రోజుకొకటి, వరసగా పద్నాలుగు రోజులు. నాన్న సైకిలు మీద ముందు కూచోబెట్టుకుని తీసుకెళ్లేవాడు, వచ్చేటప్పుడు నిమ్మతొనల బిళ్లలు కొనిపెట్టేవాడు. ఆ మందు గొర్రె మెదడు నించి తీసేవారని పెద్దయ్యాక తెలిసింది. మన దేశంలో 2004 చివరి వరకూ తయారయిందిట. ఇప్పుడయితే జబ్బకి అయిదు, అదీ నెల లోపల. మా అమ్మాయికి ఆ పద్నాలుగు సూదుల కథ చెబితే కట్టుకథ అనుకుంది. కథ సంగతి పక్కన పెడితే, ఆకలితో ఉన్న కుక్కల మధ్యకి తిండి తీసుకుపోవడం ఎలాంటిదో నా పిక్కకి తెలుసు. అందుకే, పెరట్లో ఎంగిలి విసరడం దయ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. మనం తినగా మిగిలింది, మనకి పనికిరానిది, మన గోడకి అవతల. అందులో దయ ఎంత, శుభ్రం చేసుకోవడం ఎంత?

ఇంకో మాటా చెప్పాలి, చెప్పకుండా దాటేస్తే నా జ్ఞాపకం అబద్ధమవుతుంది. మా ఊరి సెంటర్లో కాఫీ హోటలుండేది. బల్లల కింద కుక్క పడుకునే ఉండేది, ఎవరూ ఏమనేవారు కాదు. హోటలాయన పొద్దున్నే మొదటి ఇడ్లీ దానికి వేసేవాడు కూడా. కానీ మాలపల్లె నించి వచ్చినవాళ్లు బయట అరుగు దగ్గరే నిలబడి, చూరులో గుచ్చిన వేరే గ్లాసు తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ చూరులో పెట్టి పోయేవారు. చిన్నదాన్ని, అది కూడా ఎండా వానా లాంటిదే అనుకున్నాను. 1927 మార్చిలో అంబేడ్కర్ మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగి చూపించాల్సి రావడానికి కారణమూ ఇదేగా. పశువులు తాగే నీళ్లకి మనుషులు పనికిరాలేదు. ఆ సంగతి చదివిన రోజున నాకు మహాడ్ కనపడలేదు, మా సెంటర్లో బల్ల కింద కుక్కా, చూరులో గ్లాసూ కనపడ్డాయి. గడప లోపల కుక్కకి చోటుందంటే అక్కడివాళ్ల గుండె పెద్దదనుకోవడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసింది. మరి మా కేఫ్ సంగతేమిటి? అక్కడ ఎవరినీ ఎవరూ ఆపరు, నిజమే. కాఫీ నూట ఎనభై. ఇంకెవరు ఆపాలి?

ఆ కర్ర నన్ను పట్టుకున్న కొద్ది రోజులకి, ఏదో వెతుకుతుంటే మా నాన్న భారతం చేతికొచ్చింది. ధర్మరాజు కుక్క గురించి చెప్పబోతున్నానని మీరు ఈపాటికి అనుకునే ఉంటారు. ఆగండి, ముందు ఇంకో కుక్క ఉంది. నన్నయ ఆదిపర్వం మొదలెట్టిన కాసేపటికే సరమ అనే దేవతల కుక్క వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ ఆ చోటికి పోతాడు. రాజు తమ్ముళ్లు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు కలిసి కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్తుంది. తల్లి నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీస్తుంది. వ్యాసుడి సంస్కృతంలో ఆ పిల్ల తల్లికి చెప్పుకున్న మాట చూడండి. నేను నెయ్యి నాకలేదు, అటు చూడనయినా చూడలేదు అంటుంది. తప్పు చేసినందుకు కొట్టలేదన్నమాట. తిండి ఉన్న చోటికి వచ్చినందుకు కొట్టారు. ఎప్పుడో చదివినప్పుడు ఇది పాములయాగానికి ముందు ఓ పిట్టకథ అనిపించింది. ఇప్పుడు చదువుతుంటే ఆ ముగ్గురు తమ్ముళ్ల చేతుల్లో మా వాచ్‌మన్ కర్ర కనిపించింది. తెలుగులో మనకి దక్కిన మొదటి కావ్యం తలుపు తీస్తూనే దెబ్బ తిన్న కుక్క ఎదురవుతుంటే, బళ్లో ఎవరూ మాకీ సంగతి చెప్పలేదేం?

ఇక చివర్లో ధర్మరాజు. మహాప్రస్థానంలో తమ్ముళ్లూ ద్రౌపదీ దారిలో పడిపోయాక వెంట మిగిలింది కుక్కే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు, కుక్కలున్నవాళ్లకి స్వర్గంలో చోటు లేదంటాడు. అది లేనిదే నేను రానంటాడు ఈయన. ఇంతవరకూ అందరికీ తెలుసు, హరికథల్లో ఇక్కడ చప్పట్లు కూడా పడతాయి. నాకు తట్టింది దాని తర్వాతి సంగతి. ధర్మరాజు పట్టు విడవకపోయేసరికి కుక్క కుక్కగా ఉండదు, యమధర్మరాజయి ఎదట నిలుస్తుంది. కుక్క రూపంలో ఉండగా అది స్వర్గంలో అడుగు పెట్టిందని ఎక్కడా లేదు. అంటే ఇంద్రుడి నియమం చెక్కుచెదరలేదు. ఇలా ఆలోచించడం కుతర్కమేమో. కానీ వీధికుక్కని ఇండీ అని రాసుకున్నాకే లోపలికి వదిలిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అమ్మాయి ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆదివారం ఫోన్లో ఈ కథంతా చెబితే, "ఇక్కడ ఇది మామూలేనమ్మా, ప్రతి హోటలుకీ బయట కూచునే పేటియో ఉంటుంది, కుక్కల్ని తెచ్చుకుంటారు" అంది. అక్కడ దీనికి చట్టమే ఉంది. 2019 సెప్టెంబరు నించి టెక్సాస్ మొత్తానికీ ఒకటే నియమం. హోటలు వాళ్లు ఇష్టపడి బోర్డు పెడితే చాలు, బయటి బల్లల దగ్గర కుక్కలు ఉండొచ్చు. గొలుసు ఉండాలి, కుర్చీ ఎక్కకూడదు, బల్ల ఎక్కకూడదు. ఇంకో షరతు ఉంది. కుక్క హోటలు లోపలి నించి నడిచి రాకూడదు, బయట నించే నేరుగా ఆ బల్లల దగ్గరికి రావాలి. "ఓహో, అక్కడా పెరటి దారేనా" అన్నాను. అమ్మాయికి అర్థం కాలేదు. నాయనమ్మ పెరడు దానికి తెలీదు. ఫోన్ ముక్కయ్య వైపు తిప్పమంది. ముక్కయ్య ఫోన్ అద్దాన్ని నాకింది.

నిరుడు వర్షాకాలం చివర్లో మా కాలనీ సంఘం మీటింగు జరిగింది, కమ్యూనిటీ హాల్లో. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల మీద ఇచ్చిన ఆదేశాలు అప్పటికి పేపర్ల నిండా ఉన్నాయి. కనపడ్డచోటల్లా తిండి పెట్టడం కుదరదు, వార్డు వార్డుకీ అందుకోసం చోటు చూపించాలి అని. అసలు 2023 నాటి కేంద్ర నిబంధనలోనే కాలనీ సంఘాలు ఇలాంటి చోటొకటి చూడాలని ఉంది, మెట్ల దగ్గరా గుమ్మాల దగ్గరా పిల్లలు ఆడుకునే చోటా కాకుండా. కొండాపూర్‌లో 2018లోనే ఎకరం పైన స్థలంలో కుక్కల పార్కు పెట్టారు గదా అన్నారొకరు. అది పెంపుడువాటికండీ అన్నారు ఇంకొకరు. మొత్తానికి వీధికుక్కలకి భోజనశాల ఒకటి ఉండాలని అందరూ ఒప్పుకున్నారు, ఎవరి ఇంటి ముందు అన్న దగ్గర ఆగింది. పార్కు మూల? పిల్లలు. గుడి పక్క సందు? అపచారం. నీళ్ల ట్యాంకు కింద? సెక్రటరీ గారి కిటికీ అటే ఉంది. నేను నోరు విప్పి ఏదో అనబోతుండగా వెనక వరసలోంచి ఒకావిడ లేచి "అంబర్‌పేట" అంది. ఒక్క మాటే. 2023 ఫిబ్రవరిలో అక్కడ నాలుగేళ్ల పిల్లాణ్ణి కుక్కలు చంపేసిన వీడియో ఆ గదిలో చూడనివాళ్లు లేరు. ఆవిడ కొడుకు రెండో తరగతి. నేను కూచున్నాను. నా దగ్గర ఏం జవాబుంది? నా పిక్క మీద మచ్చ ఆవిడ పక్షానే ఉంది. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, చెత్తబండి ఆగే చోట అని తీర్మానం రాశారు. సంతకం పెడుతూ చూశాను, అది కూడా గోడవతలే.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం మూడింటప్పుడు ముక్కయ్యతో కేఫ్ ముందు నించి వస్తున్నాను. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ గేటు బయట, వేపచెట్టు మొదట్లో డబ్బా విప్పుకుని కూచున్నాడు. లోపల అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఇతను మట్టి మీద. పక్కన కర్ర, కర్రకి అవతల ఆ నల్లది. జొన్నరొట్టె తుంపి పప్పులో అద్దుకుని తాను తింటున్నాడు. నాలుగు ముద్దలకోసారి ఉత్త రొట్టెముక్క చూడకుండానే పక్కకి వేస్తున్నాడు. పాలమూరు మనిషి. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. "రోజూ పెడతావా?" అంటే, "ఆకలైతది గదమ్మా" అన్నాడు. మరి గేటు దగ్గర కర్రెందుకు అని అడగాలనిపించింది, అడగలేదు. నా మొహంలో ఏం కనిపించిందో, తనే, "లోపటికి వస్తే నా నౌకరి పోతది" అన్నాడు.

ముక్కయ్య గొలుసు సాగదీసి ఆ నల్లదాని దగ్గరికి వెళ్లింది. రెండూ ఒకదాన్నొకటి మూచూసుకున్నాయి, తోకలు ఆడాయి. నాకు పిక్కలో జివ్వుమంది కానీ గొలుసు లాగలేదు. అంత దగ్గరగా నల్లదాన్ని చూడటం అదే మొదలు. మూతి మీద నెరిసిన వెంట్రుకలున్నాయి. ఓ చెవి కొసన కత్తెరతో కత్తిరించినట్టు చిన్న గాటు ఉంది. మున్సిపాలిటీ వాళ్లు పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, తెచ్చి వదిలిన కుక్కకి ఆ గుర్తు పెడతారు.